వెనక వినేవాడు

నూర్‌పల్లి మదర్సాలో ఒకప్పుడు గది పట్టనంత మంది పిల్లలకు పాఠం చెప్పిన వహీద్ ఉస్తాద్‌కు, కరోనా తగ్గేనాటికి ఒక్క శిష్యుడే మిగిలాడు. పేరు డానిష్. మీసాలు వస్తున్న వయసు. ఖురాన్‌లో పారాలనే ముప్పై భాగాలుంటే ఇరవై ఏడు వాడి నోట ఉన్నాయి. మిగతా మూడూ పూర్తి చేస్తే వాడు హాఫిజ్ అవుతాడు, అంటే గ్రంథమంతా గుండెలో పెట్టుకున్నవాడు. వాడొక్కడు హాఫిజ్ అయితే చాలు, మదర్సా ఇంకా బతికే ఉందని చెప్పుకోవచ్చని వహీద్ ఆశ.

కోస్గి దగ్గరి ఆ పల్లెలో మదర్సా పుట్టింది పోలీస్ యాక్షన్ తర్వాతి రోజుల్లో. ఆ గడబిడలో తండ్రులను పోగొట్టుకున్న పిల్లలు కొందరు మసీదు అరుగు మీద పడుకుంటుంటే, గౌసుద్దీన్ అనే హాఫిజ్ వాళ్లను చేరదీశాడు. కడుపుకు జొన్నగటక, నోటికి ఖురాన్. ఆయన ఇవ్వగలిగింది ఆ రెండే. కాగితం దొరకని కాలం. పిల్లలు చెక్కపలకల మీద మసితో రాసుకొని, నోటికి వచ్చాక కడిగేసేవాళ్లు. ఆ కడిగిన నీళ్లను మోరీలో పోయనిచ్చేవాడు కాదు గౌసుద్దీన్. దేవుడి మాట కరిగిన నీళ్లు ఎవరి కాలికిందా పడకూడదని, పెరట్లోని చింతచెట్టు మొదట్లో పోయించేవాడు. పలకలు పోయి పుస్తకాలు వచ్చాక కూడా, పిల్లలు కుండల్లో మిగిలిన నీళ్లను ఆ చెట్టుకే పోసేవాళ్లు. ఎందుకని అడిగితే చాలామందికి తెలియదు. పెద్దవాళ్లు పోశారు కాబట్టి పోసేవాళ్లు.

తెల్లవారి నమాజు కాగానే కొత్త పాఠం. పొద్దెక్కాక నిన్నమొన్నటి పాఠాలు. మధ్యాహ్నం నుంచి ఆమూఖ్తా, అంటే పాతదంతా తిరగేసుకోవడం. పాతదాంట్లో తప్పులు పడితే ఆ రోజు కొత్త పాఠం లేదు. ఇట్లా నాలుగైదేళ్లు కూర్చుంటే ఒక పిల్లవాడు హాఫిజ్ అవుతాడు. అప్పుడు దస్తార్‌బందీ జరుగుతుంది. ఊరందరి ముందూ ఉస్తాద్ తన చేత్తో వాడి తలకు తెల్ల తలపాగా చుడతాడు. ఆ గుడ్డ కోస్గిలో సాలె ఐలేశం ఇంటి నుంచి వచ్చేది. ఐలేశం తాత ఎప్పుడో మొక్కుకొని మొదలుపెట్టాడట, ఆ ఇంటివాళ్లు తప్పలేదు.

తలపాగా కట్టుకున్నవాడు రంజాన్ నెలంతా రాత్రుళ్లు మసీదులో చేసే తరావీ నమాజు చదివించాలి. నెల తిరిగేలోపు ఖురాన్ అంతా చూడకుండా చదవాలి. ఎంతటి గట్టివాడైనా ఎక్కడో ఒకచోట తడబడతాడు. అందుకని వెనక మొదటి వరుసలో ఇంకో హాఫిజ్ నిలబడి వింటుంటాడు. ముందువాడు ఆగిపోతే వెనకవాడు మాట అందిస్తాడు. దాన్ని లుఖ్మా అంటారు. లుఖ్మా అంటే అన్నం ముద్ద. ముద్ద పెట్టేవాడు లేకుండా ముందు నిలబడొద్దని గౌసుద్దీన్ చెప్పిన మాట నూర్‌పల్లిలో అందరికీ తెలుసు. ఆయన వెనక ఆయన శిష్యుడు నిలబడ్డాడు, ఆ శిష్యుడి వెనక వహీద్ నిలబడ్డాడు. ఆ మసీదులో బయటి హాఫిజ్ గొంతు తరావీలో ఎన్నడూ వినపడలేదు.

తెలంగాణ వచ్చిన తర్వాత మైనారిటీ గురుకులాలు తెరిచారు. ఇంగ్లీషు చదువు, బూట్లు, వారానికింత అని కోడికూర. తండ్రులు ఒక్కొక్కరే వచ్చి, "ఉస్తాద్, ఏమనుకోకండి" అని పిల్లల ఇనుప పెట్టెలు ఎత్తుకొని పోయారు. వహీద్ ఏమనుకోగలడు? భార్య పోయాక తన ఒక్కగానొక్క కూతురు జేబాను ఆయన కూడా మహబూబ్‌నగర్ గురుకులంలోనే చేర్చాడు. మిగిలిన వాళ్లు బీహార్ పిల్లలు. లాక్‌డౌన్‌లో వాళ్లను రైలెక్కించి పంపితే మళ్లీ రాలేదు.

డానిష్ మాత్రం ఊళ్లోవాడు, తాహేరా కొడుకు. పొద్దున్నే వాడు చదివితే వహీద్ వినేవాడు. ఆ తర్వాత వహీద్ చదివితే వాడు వినేవాడు. ఎక్కడన్నా ఉస్తాద్ మాట జారితే వాడు మెల్లగా సరైన మాట అందించి, తప్పు తనదే అయినట్టు తల దించుకునేవాడు. ఆ జారడం ఈమధ్య ఎక్కువైందని వాడికి తెలుసు. వహీద్‌కు ఇంకా తెలియదు.

కందులు కోసి బండ్లు ఇళ్లకు చేరుతున్న రోజుల్లో తాహేరా వచ్చి మదర్సా గడప బయట నిలబడింది. దూదేకుల ఇంటి మనిషి. బొంతలు కుట్టి బతికేది. భర్త కరోనాలో పోయాడు.

"పిలగాణ్ణి తీస్కపోను వచ్చిన ఉస్తాద్" అంది.

"యాడికి?"

"చౌటుప్పల్. ఆడ మందుల కంపెనీల మా తమ్ముడు పెట్టిస్తనన్నడు."

"మూడు పారాలే ఉన్నయమ్మా. రంజాన్ దాంక ఆగు. దస్తార్ కట్టి నేనే పంపిస్త."

"రంజాన్ దాంక ఏం తిని ఆగాలె? బొంతలు కుట్టిచ్చుకునేటోళ్లు లేరు, అందరు దుకాణంల దుప్పట్లు కొంటున్నరు. ఒకరిద్దరు ఇచ్చినా నా కండ్లకు సూదిబెజ్జం అవుపడతలేదు."

"హాఫిజ్ అయితే వానికి యాడన్న మసీదుల కొలువు దొరుకుతది తాహేరా."

"మీరు హాఫిజే గదా ఉస్తాద్. మీ బిడ్డను మరి ఏడ సదివిస్తున్నరు?"

అనేశాక ఆమె నాలుక కరుచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "తప్పయింది, కోపం చెయ్యకండి" అంది.

"తప్పేమున్నది. ఉన్నమాటే అన్నవు."

లోపల డానిష్ పెట్టె సర్దుకుంటున్నాడు. ఏడ్చినట్టున్నాడు, ముఖం కడుక్కొని వచ్చాడు. ఉస్తాద్ చేతులు కళ్లకద్దుకొని, "రోజు సదువుకుంటనే ఉంట. రంజాన్‌కు వచ్చి మీ ఎనక నిలబడత" అన్నాడు. వహీద్ వాడి తల నిమిరి బస్సు దాకా పోయి ఎక్కించి వచ్చాడు.

వచ్చి ఖాళీ గదిలో కూర్చొని, అలవాటు ప్రకారం మధ్యాహ్నపు ఆమూఖ్తా మొదలుపెట్టాడు. ఖురాన్‌లో ఒకే తీరు వాక్యాలు చాలాచోట్ల వస్తాయి. రెండు దారులు కలిసినట్టుంటుంది అక్కడ. కోస్గి పోవాల్సినవాడు పరధ్యానంగా నడిచి బొంరాస్‌పేట దారి పట్టినట్టు, ఒక సూరాలో, అంటే అధ్యాయంలో, మొదలుపెట్టి ఇంకో సూరాలోకి జారిపోతారు. హాఫిజులందరికీ తెలిసిన గండమే. అయితే ఆ రోజు వహీద్ జారి, వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే జారాడు. పుస్తకం తెరిచి చూసుకొని మూశాడు. మరుసటి రోజు అక్కడే జారాడు. నెల తిరిగేసరికి అట్లాంటి చోట్లు పెరిగాయి. కొన్నిచోట్ల దారి మారడం కాదు, అసలు దారే లేదు. ఒక మాట తర్వాత తెల్లగోడ. చిన్నప్పటి నుంచి నిద్రలో లేపి అడిగినా చెప్పినవాడు, కళ్లు మూసుకొని ఆ గోడ ముందు నిలబడిపోయేవాడు.

సంక్రాంతి సెలవులకు జేబా ఇంటికి వచ్చింది. తండ్రి ముఖం చూసి రెండురోజులు ఊరుకొని, మూడోరోజు తనే ఖురాన్ తెచ్చుకొని ఎదురుగా కూర్చుంది.

"నేను పట్టుకొని చూస్త అబ్బా. నువ్వు సదువు."

ఆయన చదువుతుంటే ఆమె అక్షరాల మీద వేలు పెట్టి వెంటే పోయేది. తప్పు పడితే చెప్పేది. ఆమె చెప్పినప్పుడల్లా వహీద్ రెండు చెవులూ పట్టుకొని, "తౌబా" అని మళ్లీ మొదలుపెట్టేవాడు. మొదటి రోజుల్లో చాలాసార్లు చెప్పింది. తర్వాత తగ్గింది. ఒకరోజైతే ఒక్కసారి కూడా ఆపలేదు. వహీద్ ముఖం చాలాకాలానికి వెలిగింది. ఆ పూట తనే వంకాయకూర వండి బిడ్డకు వడ్డించాడు.

అన్నం కలుపుతూ ఆగిపోయాడు. పొద్దున చదివింది ఏదో మనసులో తిరుగుతుంటే, ఒక్కసారిగా తప్పు దొరికింది. ఒక సూరాలో సగం చదివి, ఇంకో సూరాతో ముగించాడు.

"జేబా. పొద్దుగాల ఆడ నేను తప్పిన గదా?"

ఆమె పళ్లెంలోకి చూస్తూ, "ఆఁ, అబ్బా" అంది.

"మరి చెప్పలేదేంది?"

"ఎన్నిసార్లు చెప్పాలె అబ్బా? చెప్పినప్పుడల్లా నువ్వు చిన్నపిలగాని లెక్క చెవులు పట్టుకుంటున్నవు. నాకు చూడబుద్ధి కాలే."

"ఇంక ఎన్నిచోట్ల ఇడిచిపెట్టినవు?"

ఆమె కళ్ల నుంచి నీళ్లు కారి పళ్లెంలో పడుతున్నాయి. వహీద్ చేయి కడుక్కొని బయటకు పోయి కూర్చున్నాడు.

బిడ్డ పోరు పడలేక మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పోయాడు. తలకు ఫొటో తీశారు. మెదడులో సన్నని నరాలు కొన్ని ఎండిపోయాయని, బీపీ చాలాకాలం నుంచి ఉండి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. "మందులు వాడితే ఇంకా పోకుండా చూడొచ్చు. పోయింది మాత్రం తిరిగి రాదు" అంది. దవాఖాన వాకిలి దాటేవరకూ జేబా తండ్రి చేయి వదల్లేదు. ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని ఆయన బిడ్డ దగ్గర మాట తీసుకున్నాడు.

రంజాన్ ఇంకా నెల ఉందనగా వహీద్ చౌటుప్పల్ బయలుదేరాడు. డానిష్ వెనక నిలబడితే గండం గట్టెక్కుతుందని ఆయన నమ్మకం. హైదరాబాద్‌లో బస్సు మారి, ఎల్బీనగర్ దాటి, విజయవాడ రోడ్డు పక్కన దిగాడు. ఎటు చూసినా ప్లాట్ల జెండాలు, కంపెనీ బస్సులు. గాలిలో ఏదో ముక్కు మండించే వాసన. అడుగుతూ అడుగుతూ డానిష్ ఉండే గదికి చేరాడు. రేకుల గది. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు నేల మీద వరసగా పడుకొని ఉన్నారు. వాళ్లలోంచి డానిష్ లేచి వచ్చాడు. వాడు "ఉస్తాద్!" అని పిలిచినప్పుడు వహీద్ ఇంకెవరో అనుకున్నాడు. గొంతు రాపిడి పెట్టినట్టుంది.

"ఏమైంది బేటా గొంతుకు?"

"పౌడర్ సెక్షన్ల ఉన్న ఉస్తాద్. మూతికి గుడ్డ కట్టుకుంటం గని, పోతది లోపలికి. వేరే సెక్షన్ అడిగిన. చూద్దామన్నరు."

పడుకున్నవాళ్లకు ఇబ్బంది అని రోడ్డవతలి మసీదుకు పోయారు. లోపల ఎవరూ లేరు. వాడు తెచ్చిన చాయ్ తాగి, కాసేపు ఊరి సంగతులు మాట్లాడుకొని, వహీద్ అసలు మాటకు వచ్చాడు.

"సదువు. వింట."

డానిష్ మోకాళ్ల మీద కూర్చొని కళ్లు మూసుకున్నాడు. చదువుతుంటే మధ్యమధ్య దగ్గు ఆపుకుంటున్నాడు. మొదట బాగానే నడిచింది. తర్వాత ఒకచోట ఆగాడు. వెనక్కి పోయి మళ్లీ వచ్చాడు, మళ్లీ అక్కడే ఆగాడు. కళ్లు తెరవకుండా, చిన్నప్పటిలాగే, ఉస్తాద్ అందించే మాట కోసం ఎదురుచూశాడు.

వహీద్ నోరు తెరిచాడు. మాట రాలేదు. ముందు మాట ఉంది, తర్వాత ఏమీ లేదు.

చాలాసేపటికి డానిష్ కళ్లు తెరిచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. వాడు లేచి అల్మారాలోంచి ఖురాన్ తీయబోతే, "వద్దు" అన్నాడు వహీద్. "ఇయాళ వద్దు బేటా."

"నాకు చానా పోయింది ఉస్తాద్" అన్నాడు వాడు. "డ్యూటీ నుంచి వస్తే నిద్రే నిద్ర. మొదట్ల రోజు సదివిన. తర్వాత జుమ్మా జుమ్మాకు. ఇప్పుడు సదువుదామంటే భయమైతది, ఏం పోయిందో తెలుస్తదని."

"రంజాన్‌కు వస్తవా?"

"సెలవు ఇయ్యరు. పండుగకైతే వస్త."

తనకేమైందో వహీద్ చెప్పలేదు. వాడు అడగలేదు. బస్సు ఎక్కించేటప్పుడు మాత్రం, "ఈ ఏడాది మీరు ముందల నిలబడకండి ఉస్తాద్" అన్నాడు తల దించుకొని.

మసీదు కమిటీ పెద్ద సదర్ సాబ్ కూడా దాదాపు అదే అన్నాడు. "డానిష్ లేడు, ఎనక ఎవరు లేరు. హైదరాబాద్ నుంచి ఒక చిన్న హాఫిజ్‌ను పిలిపిద్దామా?"

"నేనుండంగ బయటోళ్లెందుకు?" అన్నాడు వహీద్.

ఎందుకన్నాడో ఆ తర్వాత చాలాసార్లు తనను తాను ప్రశ్నించుకున్నాడు. గౌసుద్దీన్ నుంచి తన దాకా వచ్చింది తన చేతులమీదుగా తెగిపోతే, రేపు దేవుడి ముందు ఏం చెప్పాలన్న భయం ఒకటి. ఊరికి తెలుస్తుందన్న సిగ్గు ఇంకొకటి. పగలంతా పుస్తకం ముందు పెట్టుకొని ఆ పూట చదవాల్సింది వందలసార్లు వల్లించాడు. ఉపవాసం మీద, ఏప్రిల్ నెల ఎండలో పెదాలు పగిలేలా వల్లించాడు.

మొదటివారం బాగా నడిచింది. చిన్నప్పుడు మొదట నేర్చుకున్న భాగాలు లోతుగా నాటుకున్నాయేమో, ధారగా వచ్చాయి. నమాజు అయ్యాక పెద్దవాళ్లు చేతులు పట్టుకొని, "ఏం గొంతు హాఫిజ్ సాబ్" అంటుంటే ఆయనకూ నమ్మకం కలిగింది. జేబాకు ఫోన్ చేసి, "దేవుడు దయ తల్చిండు బిడ్డా, వస్తున్నది" అన్నాడు.

సగం రంజాన్ దాటాక ఒక రాత్రి, మసీదు నిండా జనం ఉండగా, ఆగిపోయాడు.

వెనక్కి పోయి అందుకోబోయాడు. మళ్లీ ఆగాడు. ఇంకొంచెం వెనక్కి పోయాడు. ఆ గోడే ఎదురైంది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక వరుసలో సేద్యగాళ్లు, మెకానిక్కులు, చికెన్ దుకాణం వాళ్లు. వాళ్లకు నమాజు తెలుసు, ఖురాన్ నోటికి రాదు. ఎవరో దగ్గారు. చివరి వరుసలో నమాజులో చేరని ఒక యువకుడు జేబులోంచి ఫోన్ తీసి వెతికి, కూడబలుక్కుంటూ ఆ వాక్యం చదివాడు. వహీద్ అందుకొని నాలుగు మాటలు నడిచాడు. మళ్లీ ఆగాడు. మళ్లీ ఫోన్. మూడోసారి ఆగినప్పుడు యువకుడు వెతికేలోపే ఆయన అల్లాహు అక్బర్ అని వంగిపోయాడు. మిగతా నమాజంతా, కొత్తగా బడికి వచ్చిన పిల్లలకు మొదట నేర్పే చిన్న సూరాలతో ముగించాడు.

జనం చెప్పులు వేసుకొని మెల్లగా పోయారు. సదర్ సాబ్ ఒక్కడు ఆగి భుజం మీద చేయి వేశాడు.

"చెప్పకపోతిరి హాఫిజ్ సాబ్. మేం పరాయోళ్లమా?"

"చెప్పాలనే అనుకున్న" అన్నాడు వహీద్.

రెండురోజుల్లో హైదరాబాద్ నుంచి గడ్డం సరిగా రాని హాఫిజ్ ఒకడు, వెనక నిలబడేందుకు ఇంకొకడు వచ్చారు. మంచి పిల్లలు. వహీద్‌ను చూస్తే లేచి నిలబడేవాళ్లు. రంజాన్ చివరి శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత కమిటీవాళ్లు కూర్చొని, పిల్లలు లేని మదర్సాను కంది బస్తాలు నిలవ పెట్టుకునేందుకు కిరాయికి ఇవ్వాలని తీర్మానించారు. వచ్చే కిరాయితో మసీదు కరెంటు బిల్లు కట్టొచ్చన్నారు. వహీద్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఏం చేయాలో ఆయనకు తోచలేదు. ఖురాన్ పెట్టుకునే చెక్కపీటలు మసీదు అటక మీదికి ఎక్కించారు. కిటికీలు మూసి, ఎలుకలు రాకుండా గోడల వెంట మందు చల్లారు.

పండుగకు డానిష్ వచ్చాడు. నమాజు కాగానే సేమియా గిన్నె పట్టుకొని ఉస్తాద్ ఇంటికే వచ్చాడు. జరిగింది వాడికి అప్పటికే ఎవరో చెప్పారు. గిన్నె కింద పెట్టి, అరుగు మీద పక్కన కూర్చున్నాడు.

"అమ్మను తీస్కపోతున్న ఉస్తాద్" అన్నాడు. "ఆడ గది చూసిన. అమ్మకు ఈడ ఎవరున్నరు?"

"మంచిపని చేసినవు. సెక్షన్ మార్చిండ్రా?"

"ఇంకా లేదు."

"దవాఖానకు పోయినవా?"

"పోయిన. పౌడర్‌ల పని ఇడిచిపెట్టమన్నడు డాక్టరు." వాడు నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. "ఇడిచిపెట్టి ఏం చెయ్యాలెనో చెప్పలే."

మరుసటి రోజు ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించారు. వహీద్ కూడా ఒక చేయి వేశాడు. తాహేరా బురఖా సర్దుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"నేను ఆగితే వాడు హాఫిజ్ అయితుండె. మీ ఎనక నిలబడుతుండె" అంది. "నా వల్లనే అయింది ఉస్తాద్."

"నీ వల్ల గాదమ్మా. వాడున్నా పోయేదే. పోయింది ఈడ" అని తన తల మీద వేలు పెట్టి చూపించాడు.

ఆమె ఏడ్చింది. డానిష్ ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, తాను సామాను మీద ఎక్కాడు. ఆటో కోస్గి రోడ్డెక్కే దాకా వహీద్ నిలబడి, ఇంట్లోకి పోయాడు.

అప్పటి నుంచి నూర్‌పల్లిలో రంజాన్‌కు హాఫిజులు హైదరాబాద్ నుంచే వస్తున్నారు. వహీద్ ఉస్తాద్ మసీదుకు పోతాడు, గోడవారగా కుర్చీలో కూర్చొని నమాజు చేస్తాడు. కమిటీవాళ్లు నెలనెలా బియ్యం పంపిస్తారు. ఈమధ్య ఆయన ఇంటికి వచ్చినవాళ్ల పేర్లు మర్చిపోతున్నాడు. పొద్దున్నే జేబా హాస్టల్ నుంచి ఫోన్ చేసి మందులు వేసుకున్నవా అని అడుగుతుంది. వేసుకున్నానంటాడు. వేసుకున్నాడో లేదో ఆయనకు తెలియదు.